చేపల తొట్టిలో పిలవకుండా వచ్చిన నత్తలు: గుర్తించడం, అదుపు చేయడం

కొత్త మొక్కలు నాటిన రెండు మూడు వారాలకు తొట్టి అద్దం మీద ఆవగింజంత నత్తలు పాకుతూ కనబడితే, వాటి పుట్టిల్లు చాలావరకు ఆ మొక్కలే. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మొక్కల ఆకుల అడుగున గుడ్లు పారదర్శకమైన జిగురు ముద్దలుగా అంటుకొని ఉంటాయి కనుక కొనేటప్పుడు కంటికి ఆనవు. నత్తలు కనబడగానే చాలామంది నత్తల మందు కోసం పరుగెత్తుతారు. దాని జోలికి పోయే ముందు వచ్చినది ఏ నత్తో తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

గుల్ల పొట్టేలు కొమ్ములా బల్లపరుపుగా చుట్టుకొని ఉంటే అది రామ్స్‌హార్న్. మన చెరువుల్లోనూ ఈ కుటుంబపు నత్త ఒకటి సహజంగానే ఉంటుంది. గుల్ల చిన్నగా, ఉబ్బుగా, కొన తేలి ఉంటే, ఆ కొనను పైకి, గుల్ల నోటిని (నత్త బయటికి వచ్చే రంధ్రాన్ని) మన వైపుకు తిప్పి పట్టుకొని భూతద్దంతో చూడాలి. నోరు ఎడమ పక్కన ఉంటే బ్లాడర్ నత్త, కుడి పక్కన ఉంటే పాండ్ నత్త. మీసాలు కూడా తేడా చెబుతాయి: బ్లాడర్ నత్తకు దారంలా సన్నగా, పాండ్ నత్తకు త్రికోణంగా ఉంటాయి. ఇవన్నీ ఉభయలింగ జీవులు, పైగా చాలావాటికి జత లేకుండానే గుడ్లు పెట్టగల శక్తి ఉంది కాబట్టి, ఒక్కటి మిగిలినా సంతానం మళ్ళీ మొదలవుతుంది. మరమేకులా పొడుగ్గా, కొన సన్నగా ఉండే గుల్ల మలేషియన్ ట్రంపెట్ నత్తది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పగలంతా ఇసుకలో దాగి రాత్రి బయటికి వస్తుంది. అందువల్ల దీపం ఆర్పిన రెండు గంటల తర్వాత టార్చి వేసి చూస్తే తప్ప అసలు సంఖ్య తెలియదు. ఇది మొప్పలతో శ్వాసిస్తుంది కాబట్టి, పట్టపగలు గుంపుగా అద్దం పైకి ఎక్కుతుంటే అడుగున ఆక్సిజన్ తగ్గిందేమో, నీరు చెడిందేమో వెంటనే పరీక్షించాలి. నీటిమట్టానికి పైన, మూత దగ్గర గులాబీ రంగు గుడ్ల గుత్తి కనబడితే అది ఒక రకం యాపిల్ నత్తది; దాని పిల్లలు పెరిగితే మొక్కలను మేసేస్తాయి కాబట్టి గుత్తిని అప్పుడే గీకి తీసేయాలి.

నత్తల సంఖ్య తొట్టిలో మిగిలిపోతున్న ఆహారానికి కొలమానం. అవి కుళ్ళిన ఆకులను, పాచిని, చేపలు వదిలిన మేతను తిని పెరుగుతాయి. రామ్స్‌హార్న్, బ్లాడర్ నత్తలు ఆరోగ్యంగా ఉన్న ఆకుల జోలికి సాధారణంగా పోవు. అందువల్ల చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేసి, వారానికి ఒక రోజు పస్తు ఉంచి, వారం వారం సైఫన్‌తో ఇసుక మీది మురికిని లాగి పావు వంతు నీరు మార్చడమే అన్నిటికన్నా నమ్మదగిన వైద్యం. సంఖ్యను త్వరగా తగ్గించాలనుకుంటే, దీపం ఆర్పే ముందు కీర దోసకాయ ముక్కనో పాలకూర ఆకునో చిన్న రాయి కట్టి అడుగున ఉంచాలి. తెల్లవారేసరికి దాని నిండా చేరిన నత్తలతో సహా బయటికి తీసి, పది పదిహేను రోజుల పాటు ఇలాగే చేయాలి.

మందుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నత్తలను చంపే మందుల్లో చాలావాటిలో రాగి లవణం, అంటే మైలుతుత్తం వంటిది ఉంటుంది. అది రొయ్యలను కూడా చంపుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఇసుకలో ఒక్కసారిగా చచ్చిన వందల నత్తలు కుళ్ళి అమ్మోనియా పెరిగి, మనం కాపాడాలనుకున్న చేపలే పోతాయి.

నత్తలను తినే జీవుల్లో అసాసిన్ నత్త చిన్న తొట్టికి తగినది. కేరళ నదుల నుంచి వచ్చే మరుగుజ్జు పఫర్ చేప కూడా నత్తలను ఇష్టంగా తింటుంది కానీ, తోటి చేపల రెక్కలు కొరుకుతుంది. క్లౌన్ లోచ్ అడుగు పొడవు వరకు పెరగగలదు, పైగా గుంపుగా బతికే చేప. నత్తల కోసమే దాన్ని చిన్న తొట్టిలో పెట్టడం ఆ చేపకు అన్యాయం.

ఇక మీదట కొనే మొక్కలను రెండు మూడు వారాలు వేరే బకెట్‌లో ఉంచి, పుట్టిన పిల్లలను ఏరివేసిన తర్వాతే తొట్టిలో నాటాలి. పటిక నీటిలో కొన్ని గంటలు నానబెట్టడం నత్తలపై పనిచేస్తుంది కానీ, గుడ్లన్నీ చస్తాయన్న హామీ లేదు. తీసిన నత్తలను చెరువులోనో మురుగు కాలువలోనో వదలకండి; సంచిలో వేసి ఒకటి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచిన తర్వాత చెత్తలో వేసి, చేతులను సబ్బుతో కడుక్కోండి.