కుళాయి రావట్లేదా? ముందు పక్కింట్లో అడగండి

ఏప్రిల్ వస్తే చాలు, విశాఖలో మా వీధి వాట్సాప్ గ్రూపులో పొద్దున్న అయిదున్నరకే "నీళ్లొచ్చాయా" అని మొదలైపోద్ది. వెంటనే ప్లంబర్‌కి ఫోన్ కొట్టేయకండి, ముందు పక్కింట్లో అడగండి.

సమస్య: టైమ్ దాటినా చుక్క లేదు

పక్కింటికీ రాకపోతే పైనుంచే తగ్గించినట్టు. మనకి నీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ముడసర్లోవ రిజర్వాయర్ల నుంచి, ఇంకా 150 కిలోమీటర్ల పైచిలుకు నడిచొచ్చే ఏలేరు కాలువ నుంచి వస్తాయి, ఆ కాలువలో స్టీల్‌ప్లాంట్‌కీ వాటా ఉంది. మేఘాద్రిగెడ్డ ఫుల్ లెవెల్ 61 అడుగులు, అది దిగిపోతుంటే ఉన్నవాటిని వానల దాకా లాక్కురావాలి కదా, అందుకని జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) వాళ్లు తోడేది తగ్గించి సప్లై టైమ్ కోస్తారు, లేదా రోజు విడిచి రోజు ఇస్తారు. ఒక్కోసారి నీళ్లుండి కూడా రావు, పంపులకి కరెంటు ఉండదు, 2014 హుద్‌హుద్ తుఫానులో చూశాం కదా.

ఏం చేయాలి: మీ వీధి వాల్వ్ తిప్పే అతన్ని పట్టుకోండి. ఏ రోజు, ఏ టైమ్ అన్నది అతని దగ్గర దొరికినంత కరెక్టుగా ఇంకెక్కడా దొరకదు.

సమస్య: వస్తున్నాయి గానీ దారంలా

పక్కింట్లో ధార బాగుందంటే మీ మీటరో, కనెక్షన్ పైపో పట్టేసి ఉంటది, ఇప్పుడు ప్లంబర్‌ని పిలవండి. అందరికీ సన్నగానే ఉంటే ఎవరో లైన్‌కి డైరెక్ట్‌గా మోటార్ పెట్టి ఉండొచ్చు. కుళాయి తిప్పి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టండి, నీళ్లు తన్నాల్సింది పోయి చెయ్యి లోపలికి లాగుతుందంటే ఇంక డౌట్ లేదు. మాకు ఓ ఏడాది నెలంతా ఇదే, చివరికి చూస్తే రోజూ గ్రూపులో నీళ్లు లేవని ఏడ్చే ఆయనదే మోటార్! దీనికి మీరూ మోటార్ పెట్టడం మందు కాదు, అది రూల్‌కి విరుద్ధం, దొరికితే మోటార్ పట్టుకుపోతారు. నేలకి దిగువన సంపు కట్టించి నీళ్లు వాటంతటవే పడనివ్వండి, పైట్యాంకుకి మోటార్ సంపులోంచి వేసుకోండి. కొండవాలు మీద ఇళ్లకైతే పల్లంలో సంపులు నిండాకే ఎక్కుతాయి, అక్కడ కింద వీధి వాల్వ్ కాస్త బిగించమని వార్డు సచివాలయంలో రాసివ్వాలి.

సమస్య: మొదట మురికి నీళ్లు

రోజు విడిచి రోజు ఇస్తే మధ్యలో పైపు ఖాళీగా ఉంటది, జాయింట్లు కారే చోట బయటి మురికి లోపలికి లాగేస్తది. మొదటి రెండు బకెట్లు మొక్కలకి. డ్రైనేజీ వాసనొస్తే మాత్రం తాగొద్దు, సంపులోకీ వదలొద్దు, ఆ రోజే కంప్లయింట్ పెట్టండి.

సమస్య: పొద్దున్న నిండిన ట్యాంకు సాయంత్రానికి ఖాళీ

ఇది మన ఇంటి దొంగే. రాత్రి ఫ్లష్ ట్యాంకులో కాస్త కాఫీ డికాక్షన్ పోసి వదిలేయండి, ఎవరూ ఫ్లష్ కొట్టకుండానే కింద రంగు కనిపిస్తే లోపల వాషర్ పోయినట్టే. మా ఇంట్లో పావుగంటకే కనిపించింది.