ప్రమాదం నుంచి బయటపడిన మనిషిని మొదటి నెల ఎలా చూసుకోవాలి?

విజయవాడ హైవే పక్కన చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ వైపు ఊళ్లలో ప్రమాదం సంగతి తెలియని ఇల్లు లేదు. కాలు విరిగితే ఏం చేయాలో అందరూ చెబుతారు. మనిషి బెదిరిపోతే మాత్రం అందరూ కలిసి చెడగొడతారు. నల్లగొండలో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. డిశ్చార్జి చేసి పంపిన మనిషి వారానికే ఇంకా బెదురుగా తిరిగి రావడం చూసీ చూసీ విసిగి ఇది రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా లేవు. తలుపు కనిపించేలా వేసిన మంచం, మంచినీళ్ల చెంబు, ఒక నోటు పుస్తకం. ఆ గదిలో టీవీ వద్దు. ప్రమాదం వీడియో ఎవరి ఫోనులో ఉన్నా ముందు తీసేయించండి.

తిండి, నిద్ర వేళకు జరగాలి. సాయంత్రం నాలుగు దాటాక టీ ఇవ్వకూడదు. పొద్దున జొన్న గటకలో మజ్జిగ పోసి పెట్టండి, ఓట్స్ డబ్బాలు కొనకండి. నడవగలిగితే ఎండెక్కక ముందే చెరువు కట్ట మీద కాసేపు నడిపించండి. షుగరు, బీపీ ఉన్నవారికి వారానికోసారి పరీక్ష చేయించండి. భయంలో అడ్రినలిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. దిగులుతో పుండు కూడా త్వరగా మానదు. 1995లో అమెరికాలో మతిమరుపు జబ్బున్న బంధువులకు సేవ చేస్తున్న ఆడవారి చేతికి చిన్న గాయం చేసి చూశారు. మిగతావారి కంటే వారికి అది మానడానికి తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. అంటే సేవ చేసే మీరు కూడా పడుకోవాలి.

పాలమూరు వారికి ఒక మాట. అక్కడ కొన్ని చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం అనే మత్తు మందులు కలుపుతారు. రోజూ అది తాగే మనిషికి ఆసుపత్రిలో ఒక్కసారిగా కల్లు ఆగిపోతే చేతులు వణుకుతాయి, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. అది ప్రమాదం భయమూ కాదు, గాలి సోకడమూ కాదు. పరువు చూసుకోకుండా కల్లు అలవాటు సంగతి డాక్టరుకు చెప్పండి. అలాగే పక్కింటి వారి దగ్గర మిగిలిన నిద్ర మాత్రలు తెచ్చి వేయకండి. ప్రమాదం జరిగిన మొదటి నెలలో భయం తగ్గడానికని ఆ రకం మాత్రలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

ఇక అసలు కష్టమైన పని పరామర్శ.

మూడో రోజుకు ఊరంతా వస్తుంది. ఒక్కొక్కరు బత్తాయిల సంచి పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, ‘ఎలా జరిగింది బిడ్డా, మొదటి నుంచి చెప్పు’ అంటారు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అదే కథ. వచ్చినవారికి అది వార్త. చెప్పే మనిషి మాత్రం ప్రతిసారీ మళ్లీ లారీ కిందికి వెళ్లి వస్తాడు.

మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం జ్ఞాపకానికి తేదీ, చోటు రాసిపెడుతుంది. ప్రాణభయం ముంచుకొచ్చినప్పుడు ఆ పని సరిగా సాగదు. ప్రమాద ఘంట కొట్టే అమిగ్డలా మాత్రం వాసననూ చప్పుడునూ గట్టిగా పట్టుకుంటుంది. అందుకే డీజిల్ వాసన తగిలినా, హారన్ వినిపించినా అది అయిపోయిన సంగతిలా అనిపించదు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. బలవంతంగా చెప్పిస్తే ఘంట మళ్లీ మోగుతుంది కానీ తేదీ పడదు. ప్రమాదం కాగానే కూర్చోబెట్టి అంతా ఒక్కసారే చెప్పించే పద్ధతి విదేశాల్లోనూ ఒకప్పుడు నడిచింది. దానివల్ల తర్వాత వచ్చే మానసిక జబ్బు ఆగడం లేదని పరీక్షల్లో తేలాక మానుకున్నారు.

కాబట్టి గడప దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. కథంతా ఆ మనిషే చెప్పాలి, లోపలికి వెళ్లినవారు వానల గురించో పొలం గురించో మాట్లాడి రావాలి. ఈ పనికి మేనత్తను మించినవారు లేరు, కోపం వచ్చినా ఎవరూ ఎదురు చెప్పరు.

అలాగని నోరు నొక్కేయకండి. ‘అది మరిచిపో, ఆ మాట ఎత్తకు’ అనడం రెండో తప్పు, నా లెక్కలో మొదటి దాని కంటే పెద్దది. ఏ అర్ధరాత్రో తనంతట తాను మొదలుపెడతాడు. అప్పుడు లేచి కూర్చోండి. పక్కన కూర్చోవాలి, ఎదురుగా కాదు. ‘హెల్మెట్ పెట్టుకుని ఉంటే’ అనే మాట నోట రాకూడదు. ఏడిస్తే ఏడవనివ్వండి. మధ్యలో ఆగితే లాగకండి. మీరు తప్పక చూడవలసింది ఒక్కటే, కథ రోడ్డు మీద ఆగిపోకూడదు. ‘తర్వాత 108 వచ్చింది కదా, ఆసుపత్రికి చేరావు, ఇప్పుడు మన ఇంట్లో ఉన్నావు’ అని మెల్లగా ఇంటిదాకా తీసుకురండి. నీళ్లు ఇవ్వండి. నేల మీద పాదాలు ఆనించి కాసేపు కూర్చోమనండి. అతను ఏ రోజు ఎంత చెప్పాడో పొద్దున నోటు పుస్తకంలో రాయండి, తర్వాత డాక్టరుకు పనికొస్తుంది.

అమావాస్యకు నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు గుడిలో నిద్ర చేయించాలని పెద్దవారు అంటారు. తీసుకెళ్లండి, నేనూ వెళ్లాను. ఆ జనంలోకి మొదటి వారంలో మాత్రం వద్దు.

చాలామందికి కొన్ని వారాల్లో బెదురు దానంతట అదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారి తప్పించుకోవడం తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించండి. చనిపోవాలనే మాట వస్తే నెల కోసం ఆగకూడదు, ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, డబ్బు తీసుకోరు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

బండి తాళం మాత్రం తొందరపడి చేతికివ్వకండి. మొదట వెనక కూర్చోబెట్టుకుని ఊరి లోపలే తిప్పండి. హైవే ఎక్కడం ఎప్పుడన్నది అతనే చెప్పాలి.