పలు కుక్కలను చూసుకొనే ముందు: వాటి సామాన్ల విషయంలో జాగ్రత్తలు

సెలవులకు ఊరు వెళ్లేవారు కుక్కతో పాటు దాని పట్టీ, గొలుసు, పరుపు, బొమ్మలు కూడా అప్పగిస్తారు కనుక, యజమాని ఎదుటే ఒక్కొక్క వస్తువును పరిశీలించి, అప్పటికే ఉన్న చిరుగులను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం మంచిది. వస్తువు పాడైతే ఖర్చు ఎవరు భరించాలో కూడా ఆ పూటే మాట్లాడుకోవాలి. మొహమాటపడితే తరువాత మాటపట్టింపులు వస్తాయి.

గొలుసు కొక్కెంలో స్ప్రింగు వదులైనా, మెడపట్టీ కుట్టు ఊడినా దానితో కుక్కను వీధిలోకి తీసుకువెళ్లరాదు.

అసలు ప్రమాదం బొమ్మలతోనే. పోగులు ఊడిన తాడు బొమ్మలను, నొక్కితే కూత పెట్టే లోపలి బిళ్ల బయటపడిన రబ్బరు బొమ్మలను ముందే పక్కన పెట్టాలి, ఎందుకంటే మింగిన దారం పేగులను ముడతలు పడేలా లాగి, వాటిని కోసివేయగలదు. నోటి నుంచి గాని, మలద్వారం నుంచి గాని దారం వేలాడుతుంటే లాగకుండా, వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

ఏదైనా చిరిగితే ముందుగా కుక్కలను వేరు చేయాలి. నోట ఉన్న ముక్కను బలవంతంగా లాక్కుంటే కరిచే అవకాశం ఉన్నందున, ఇష్టమైన తిండి చూపి వదిలించాలి. తరువాత ముక్కలన్నీ నేలపై పేర్చి చూస్తే, ఏ భాగం లోపించిందో, అంటే ఏది కడుపులోకి పోయి ఉండవచ్చో తెలుస్తుంది. వైద్యుడు చెప్పనిదే వాంతి చేయించరాదు, ఉప్పునీళ్లు అసలే తాగించరాదు. ఆ ముక్కలను పారవేయక కవరులో దాచాలి. ఏ కుక్క చింపిందో కళ్లారా చూడనప్పుడు, ఫలానాదే చింపిందని దాని యజమానికి చెప్పకూడదు.