క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేయడం: 4వ పాఠం – ఏ అఫెన్స్‌కు ఎవరు సరిపోతారు?

అమెరికన్ ఫుట్‌బాల్ మీద గత మూడు పాఠాల్లో ఫార్మేషన్లు (ఆటగాళ్ళు నిలబడే తీరు), స్నాప్ (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) కాగానే ఎవరెటు కదులుతారు, డిఫెన్స్ కవరేజీని (ఎవరు ఎవరికి కాపలా కాస్తున్నారన్నది) ఎలా పసిగట్టాలి అన్నవి చూశాం. ఇంతవరకు ఫాలో అయినవాళ్ళకు ఇక అసలు ప్రశ్నలోకి దిగే అర్హత వచ్చినట్టే. ఒక కాలేజీ జట్టు కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి అందుకుని దాడిని నడిపేవాణ్ణి, తెచ్చుకుంది. వాడు ఆ జట్టు ఆటకు పనికొస్తాడా, రాడా?

చాలామంది ముందుగా ఆటగాడి చెయ్యి చూస్తారు. ఎంత దూరం విసురుతున్నాడు, ఎంత ఎత్తున్నాడు, ఎంత వేగంగా పరిగెడుతున్నాడు అని. నా పద్ధతి వేరు. మొదట ఆటగాణ్ణి పక్కన పెట్టి కోచ్‌ను చూడండి. ఆ అఫెన్స్ (అతను దాడి ఆడించే పద్ధతి) ప్రతి స్నాప్‌కూ క్వార్టర్‌బ్యాక్‌ను ఏ ప్రశ్న అడుగుతోంది? జవాబు చెప్పడానికి ఎంత సమయం ఇస్తోంది? తప్పు జవాబు చెబితే నష్టం ఎంత? ఈ మూడూ తేలాక ఆటగాడి దగ్గరికి రావచ్చు.

జోన్ రీడ్ అనే ప్లేతో మొదలుపెడదాం, దీంట్లో అడిగే ప్రశ్న కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి. క్వార్టర్‌బ్యాక్ షాట్‌గన్ అనే ఫార్మేషన్‌లో సెంటర్‌కు (బంతి వెనక్కి అందించేవాడు) ఐదు గజాల వెనక నిలబడతాడు, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) పక్కనే ఉంటాడు. స్నాప్ కాగానే ముందు వరుసలో ఎదుటివాళ్ళను అడ్డుకునే అఫెన్సివ్ లైన్ మొత్తం ఒక పక్కకు కదులుతుంది. రెండో పక్క చివరనున్న ఎదుటి జట్టు డిఫెన్సివ్ ఎండ్‌ను మాత్రం ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, కళ్ళు మాత్రం ఆ ఎండ్ మీదే ఉంచుతాడు. ఎండ్ రన్నింగ్ బ్యాక్ వెంట లోపలికి దూసుకొచ్చాడా, బంతి వెనక్కి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటి నుంచి పరుగు తీయాలి. ఎండ్ కదలకుండా నిలబడ్డాడా, బంతి ఇచ్చేయాలి. కబడ్డీలో రైడర్ కార్నర్ డిఫెండర్ కాలు ఎటు పడుతుందో చూసి అప్పటికప్పుడు దిశ మార్చుకుంటాడు చూడండి, ఇదీ అంతే. నిర్ణయం సెకనులోపే అయిపోవాలి.

ఇందులోని కిటుకు లెక్కలో ఉంది. మామూలు రన్ ప్లేలో క్వార్టర్‌బ్యాక్ బంతి అందించి పక్కకు తప్పుకుంటాడు. డిఫెన్స్ తరఫున పదకొండు మంది ఉంటే అఫెన్స్ తరఫున నిజంగా పనిచేసేది పది మందే. జోన్ రీడ్ ఆ లోటు తీరుస్తుంది. అయితే ఒక షరతుంది. క్వార్టర్‌బ్యాక్ పరిగెడతాడన్న భయం ఎండ్‌కు ఉండాలి. ఆ భయం లేకపోతే ఎండ్ ప్రతిసారీ రన్నింగ్ బ్యాక్ మీదే పడతాడు, ఎవరూ అడ్డుకోని మనిషి కాబట్టి ప్లే అక్కడికక్కడే చచ్చిపోతుంది.

దీనికి మిషిగన్ యూనివర్సిటీ జట్టును మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఒకే జట్టు నాలుగైదేళ్ళ వ్యవధిలో రెండు దిక్కుల నుంచీ ఈ చిక్కులో పడింది.

2007 సీజన్ తర్వాత కోచ్ లాయిడ్ కార్ తప్పుకున్నాడు. వెస్ట్ వర్జీనియా నుంచి రిచ్ రోడ్రిగ్జ్ వచ్చాడు. అక్కడ పాట్ వైట్ అనే మెరుపులాంటి క్వార్టర్‌బ్యాక్‌తో జోన్ రీడ్ ఆడించి పేరు తెచ్చుకున్న కోచ్. మిషిగన్‌లో అప్పటికి ఉన్నదేమో రయాన్ మాలెట్. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, ఫిరంగి లాంటి చెయ్యి, కాళ్ళు మాత్రం అంతంత మాత్రమే. కొత్త కోచ్ ఎలాంటి ఆట ఆడిస్తాడో మాలెట్‌కు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. జట్టు మారినవాళ్ళకు అప్పుడున్న నియమం ప్రకారం 2008 అంతా బెంచీ మీద కూర్చుని, బాబీ పెట్రినో నడిపే పాసింగ్ అఫెన్స్‌లో 2009లో 3,624 గజాలు, 2010లో 3,869 గజాలు విసిరాడు. ఆ రెండేళ్ళలో 62 టచ్‌డౌన్ పాస్‌లు (బంతి ఎదుటి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చినవి).

మరి మిషిగన్ పరిస్థితి? 2008లో 3 గెలుపులు, 9 ఓటములు. 1967 తర్వాత ఆ జట్టుకు అదే మొదటి ఓటమి సీజన్. వరుసగా 33 ఏళ్ళు బౌల్ గేమ్ (సీజన్ చివర మంచి జట్లకు దక్కే మ్యాచ్) ఆడిన పరంపర తెగిపోయింది. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఎక్కువగా ఆడిన స్టీవెన్ థ్రీట్ కూడా పొడుగాటి పాసరే. జోన్ రీడ్‌లో డిఫెన్సివ్ ఎండ్‌లు అతణ్ణి పెద్దగా ఖాతరు చేయలేదు. ఇక్కడే ఒక తమాషా. ఆ ఏడాది విస్కాన్సిన్ మీద, డిఫెన్స్ పూర్తిగా రన్నింగ్ బ్యాక్ మీదకు పోయినప్పుడు, ఇదే థ్రీట్ బంతి తనే ఉంచుకుని 58 గజాలు పరిగెత్తాడు. మిషిగన్ ఆ మ్యాచ్ 27-25తో గెలిచింది. అంటే మరీ చిరుత అయి ఉండనక్కర్లేదు, ఎదుటివాడు పట్టించుకోనప్పుడు శిక్షించగలిగితే చాలు. కానీ సీజన్‌లో ఒకసారి జరిగేది, మ్యాచ్‌కు పదిసార్లు జరగాల్సిన పనికి సరిపోదు కదా. న్యాయంగా చెప్పాలంటే ఆ ఏడాది అఫెన్సివ్ లైన్ కూడా దాదాపు కొత్తదే, తప్పంతా క్వార్టర్‌బ్యాక్ మీద రుద్దకూడదు.

2010కి రోడ్రిగ్జ్‌కు కావాల్సిన మనిషి దొరికాడు. డెనార్డ్ రాబిన్సన్, షూ లేసులు కట్టుకోకుండా ఆడేవాడు కాబట్టి ముద్దుపేరు షూలేస్. ఆ సీజన్‌లో 1,702 గజాలు పరిగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్‌లలో అప్పటికి అదే రికార్డు. నాకు పరుగుల కన్నా ఆసక్తికరంగా అనిపించేది పాసింగ్. 2010లో అతని పాస్‌లలో 62 శాతానికి పైగా రిసీవర్లకు (పాస్ పట్టేవాళ్ళకు) చేరాయి. చెయ్యి గొప్పదై కాదు. డిఫెన్స్ అంతా అతని కాళ్ళకు భయపడి ముందుకు ఉరికేది, వెనకాల రిసీవర్లు ఒంటరిగా దొరికేవాళ్ళు.

2011లో కోచ్ మళ్ళీ మారాడు. బ్రేడీ హోక్, అఫెన్స్ చూసుకోవడానికి ఆల్ బోర్జెస్. వీళ్ళ నేపథ్యం ప్రో స్టైల్: క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే నిలబడాలి, స్నాప్ తీసుకుని వెనక్కి అడుగులు వేయాలి, మొదటి రిసీవర్, రెండోవాడు, మూడోవాడు అని వరుసగా చూసి విసరాలి. డెనార్డ్‌ను పూర్తిగా అందులో ఇరికించలేదు, పాత ప్లేలు కొన్ని ఉంచారు. అయినా పాస్‌ల శాతం 55కి పడిపోయింది, ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు చేతికి చిక్కిన పాస్‌లు) 11 నుంచి 15కి పెరిగాయి. జట్టు మాత్రం 11-2తో ముగించి షుగర్ బౌల్ గెలిచింది! ఇక్కడ మోసపోకండి. గెలుపులు పెరగడానికి పెద్ద కారణం డిఫెన్స్ కోచ్ గ్రెగ్ మాటిసన్ చేతిలో బాగుపడిన డిఫెన్స్. క్వార్టర్‌బ్యాక్ నప్పాడా లేదా అన్నది గెలుపోటముల పట్టికలో వెతికితే ఇలాగే తలకిందులవుతుంది.

ఇక అంకెల దగ్గర ఒక గోతి ఉంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో సాక్ అయితే (విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడేస్తే) పోయిన గజాలను క్వార్టర్‌బ్యాక్ పరుగుల ఖాతాలోంచి తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు, జట్టు పాసింగ్ లెక్కలోంచి తీస్తారు. అందువల్ల కాలేజీ స్కోర్‌షీట్‌లో ఒకడు పరిగెత్తింది 12 సార్లు, 31 గజాలు అని కనిపించిందనుకోండి. అందులో 4 సాక్‌లు, వాటితో పోయినవి 29 గజాలు అయితే, నిజంగా పరిగెత్తింది 8 సార్లు, 60 గజాలు. పరుగుకు ఏడున్నర! పైపైన చూస్తే వీడికి కాళ్ళు లేవనిపిస్తుంది, సరిచేసి చూస్తే జోన్ రీడ్‌కు పనికొచ్చేవాడు. ఈ సవరణ చేయకుండా ఎవరి మీదా తీర్పు చెప్పకండి.

ఎయిర్ రెయిడ్ అడిగే ప్రశ్న పూర్తిగా వేరు. హాల్ మమ్మీ, మైక్ లీచ్ కలిసి తయారుచేసిన ఈ అఫెన్స్‌లో ప్లేలు చాలా తక్కువ. వాటినే వందల సార్లు ప్రాక్టీస్ చేస్తారు. మెష్ అనే ప్లేలో ఇద్దరు రిసీవర్లు ఎదురెదురుగా, భుజాలు రాసుకునేంత దగ్గరగా ఒకరినొకరు దాటిపోతారు. కాపలా కాసేవాళ్ళు ఒకరికొకరు అడ్డం పడతారు. క్వార్టర్‌బ్యాక్ పని ఖాళీగా ఉన్నవాణ్ణి చూసి, వాడు పరుగులో ఉండగానే చేతికందించడం. బలం ఎవడిక్కావాలి? కావాల్సింది గురి, తొందరగా వదిలేసే అలవాటు, గొప్ప ప్లే కోసం కక్కుర్తి పడకుండా ఐదు గజాలు తీసుకునే ఓపిక. ఈస్ట్ కారొలైనాలో ఎవరూ పెద్దగా పట్టించుకోని గార్డ్‌నర్ మిన్‌షూ 2018లో వాషింగ్టన్ స్టేట్‌కు వెళ్ళి లీచ్ దగ్గర ఒకే సీజన్‌లో 4,779 గజాలు, 38 టచ్‌డౌన్‌లు విసిరాడు. జట్టు 11 మ్యాచ్‌లు గెలిచింది.

అలాగని చేతి బలం ఎక్కడా అక్కర్లేదని కాదు. కాలేజీ మైదానంలో హాష్ మార్కుల (ప్లే మొదలయ్యే చోటికి రెండు పక్కలా హద్దుగా ఉండే గీతలు) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం వెడల్పు మాత్రం రెండింట్లోనూ 160 అడుగులే. బంతి ఎడమ హాష్ మీద ఉంటే కుడి సైడ్‌లైన్ 100 అడుగుల దూరంలో ఉంటుంది. ఆ గీత దగ్గర పది గజాల అవుట్ రూట్ (ముందుకెళ్ళి సైడ్‌లైన్ వైపు మళ్ళే రిసీవర్‌కు పాస్) విసరాలంటే, షాట్‌గన్‌లో నిలబడ్డవాడి చేతి నుంచి బంతి గాల్లో 30 గజాలు దాటి ప్రయాణించాలి. లాభం పది గజాలే. కాస్త నెమ్మదిగా వెళ్ళిందంటే కాపలా కాసే కార్నర్‌బ్యాక్ ముందుకొచ్చి ఎత్తుకుపోతాడు. ప్రో స్టైల్ కోచ్ ఈ ప్లే తరచూ పిలిస్తే అప్పుడు చెయ్యి చూడండి. పిలవకపోతే వదిలేయండి.

మనిషిని చూసి కోచే తన ఆట మార్చుకుంటే ఏమవుతుందో ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చూడవచ్చు. జో బరో ఒహాయో స్టేట్‌లో అవకాశం దొరక్క అక్కడికి వచ్చాడు. 2018లో రిసీవర్లకు చేరిన పాస్‌లు 57.8 శాతం, 2,894 గజాలు, 16 టచ్‌డౌన్ పాస్‌లు. ఫర్వాలేదనిపించే అంకెలు. 2019కి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీని తెచ్చుకున్నారు. అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా స్టీవ్ ఎన్‌స్మింగర్ అలాగే ఉన్నాడు. పాస్ పట్టగల ఐదుగురినీ రిసీవర్లుగా విడదీసి, వెనకాల ఎవరినీ ఉంచకుండా, స్నాప్‌కు ముందే డిఫెన్స్ రంగు బయటపడేలా చేశారు. స్నాప్‌కు ముందు చదవడమే బరో ప్రత్యేకత. ఫలితం 76.3 శాతం, 5,671 గజాలు, 60 టచ్‌డౌన్ పాస్‌లు, 15-0, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ. జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్లు అదే సమయానికి పండారన్నది కూడా లెక్కలో వేసుకోండి. అయినా మనిషిని చూసి ఆట మార్చే కోచ్‌లు నా లెక్కలో చాలా తక్కువ. ఎక్కువమంది తమ ఆటకు మనిషిని వెతుకుతారు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) వచ్చాక మరీను.

ఇప్పుడు హోమ్‌వర్క్. ఈ వారాంతం ఏదో ఒక కాలేజీ మ్యాచ్ రికార్డింగ్ తీసుకోండి. అమెరికాలో చదువుతున్నవాళ్ళయితే మీ యూనివర్సిటీ జట్టుదే మేలు, కోచ్ గురించి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. మొదటి సగం మాత్రమే చూడండి, బంతి వెంట పోకండి. ప్రతి స్నాప్‌కూ కాగితం మీద మూడు రాయండి: క్వార్టర్‌బ్యాక్ షాట్‌గన్‌లో ఉన్నాడా, సెంటర్ వెనకున్నాడా, స్నాప్ తర్వాత అతని కళ్ళు ఎవరి మీద ఉన్నాయి, బంతి వదలడానికి మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటే ఎన్నో అంకెకు వదిలాడు. టీవీ కెమెరా తిప్పేసి కళ్ళు కనిపించకపోతే హెల్మెట్ ఎటు తిరిగిందో రాస్తే చాలు. డిఫెన్సివ్ ఎండ్‌ను ఎవరూ అడ్డుకోకుండా వదిలేసిన ప్లేల పక్కన చుక్క పెట్టండి.

చుక్క పెట్టిన ప్లేలలో కొన్నిటి దగ్గర మీకు అనుమానం రావాలి. ఎండ్‌ను వదిలేశారు, క్వార్టర్‌బ్యాక్ బంతి వెనక్కి లాక్కున్నాడు కూడా, కానీ పరిగెత్తకుండా రిసీవర్‌కు విసిరాడు. లైన్‌లో ఉన్న భారీ కాయులేమో రన్ ప్లే అన్నట్టే ముందుకు తోసుకుపోతున్నారు. అది ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్). కాలేజీలో లైన్‌మెన్ పాస్ సమయంలో మూడు గజాల వరకు ముందుకు వెళ్ళవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. ఆ రెండు గజాల తేడా మీద ఎలాంటి క్వార్టర్‌బ్యాక్‌లు బతుకుతున్నారో 5వ పాఠంలో చూద్దాం. మీ కాగితాలు దగ్గర పెట్టుకుని రండి.