నల్లరేగడిలో టైరు రబ్బరు – 3వ పాఠం: సీబీఆర్ మోల్డు నింపడం

గత పాఠంలో ఫ్రీ స్వెల్ పరీక్ష చేశాం. మట్టి 50 శాతానికి మించి ఉబ్బితే ఉన్నది ఉన్నట్టుగా రోడ్డు కట్టకు పనికిరాదని చూశాం. కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి చాలాచోట్ల ఈ గీత దాటుతుంది. ఇప్పుడు అలాంటి మట్టికి పొడి మట్టి బరువులో సున్నం 4 శాతం, రబ్బరు పొడి 5 శాతం కలిపి, సీబీఆర్ (రోడ్డు కింది మట్టి ఎంత బరువు మోయగలదో చెప్పే కొలత) పరీక్షకు ఒక మోల్డు (ఉక్కు అచ్చు) నింపుదాం.

ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: బలం ఇచ్చేది సున్నం, రబ్బరు కాదు. రబ్బరు నీళ్ళు పీల్చదు, ఉబ్బదు. మట్టి ఉబ్బినప్పుడు తాను నొక్కుకుపోయి చోటిస్తుంది, అంతే. పైగా అది తేలిక. బరువులో 5 శాతమే అయినా, మట్టి రేణువుల ఘనపరిమాణంతో పోలిస్తే దాదాపు 12 శాతం. 10 శాతం వేస్తే 23కు పోతుంది. అప్పుడు మట్టి రేణువుకు రేణువు తగలక, పట్టు సడలి, సీబీఆర్ పడిపోతుంది.

లెక్క: డిస్క్ (నొక్కడానికి పైన పెట్టే లోహపు బిళ్ళ) పోను మోల్డులో మిగిలే చోటు 2250 ఘన సెం.మీ. ఇదే మిశ్రమానికి ప్రోక్టర్ పరీక్షలో (ఏ తేమ దగ్గర మట్టి బాగా గట్టిపడుతుందో చూసేది) గరిష్ఠ పొడి సాంద్రత ఘన సెం.మీ.కు 1.55 గ్రాములు, తగిన తేమ 24 శాతం వచ్చాయనుకుందాం. కావలసిన పొడి బరువు 3488 గ్రాములు: మట్టి 3200, సున్నం 128, రబ్బరు 160. నీళ్ళు 837 మి.లీ. ఆరబెట్టిన మట్టిలో ఇంకా 6 శాతం తేమ ఉంటే మట్టిని 3392 గ్రాములు తూచి, నీళ్ళు 645 మి.లీ. మాత్రమే పోయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. అన్నీ పదో వంతు ఎక్కువ కలపండి, మోల్డులోకి మాత్రం 4325 గ్రాములు కచ్చితంగా తూచి వేయండి.

రబ్బరు 2.36 మి.మీ. జల్లెడ దిగి, 600 మైక్రాన్ మీద నిలిచింది కావాలి. ట్రేలో పరిచి అయస్కాంతం తిప్పండి, ఉక్కు తీగ ముక్కలు అతుక్కుని వస్తాయి. దూది లాంటి నైలాన్ పీచు చేత్తో ఏరేయాలి.

మట్టి, సున్నం, నీళ్ళు మాత్రమే కలిపి పాలిథిన్ సంచిలో 24 గంటలు మూసి ఉంచండి. జిగట తగ్గి, గడ్డలు వేళ్ళ మధ్య పొడిపొడిగా విడిపోతాయి. సంచిని మళ్ళీ తూచి, తగ్గిన నీళ్ళు చిలకరించి, చివర్లో రబ్బరు కలపండి. ముందే పొడిగా కలిపితే రబ్బరు విడిపోయి పైకి చేరుతుంది. సున్నం సంచి తెరిచి పెట్టినదైతే వాడకండి. గాలి తగిలి సుద్దగా మారిన సున్నం మట్టితో కలవదు.

ర్యామర్‌తో (దిమ్మిసతో) కొడితే రబ్బరు ఎగదన్నుతుంది. అందుకే ప్రెస్ కింద డిస్క్ మోల్డు అంచుకు సమమయ్యేదాకా నెమ్మదిగా నొక్కి, 5 నిమిషాలు ఆ బరువు అలాగే ఉంచండి. వదిలాక మిశ్రమం ఎంత లేచిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. అది రాయకపోతే ఉబ్బు లెక్కలో అదీ కలిసిపోతుంది.

7 రోజులు తడి గోనెలో ఉంచి, 5 కిలోల బరువు పెట్టి 96 గంటలు నీళ్ళలో ముంచండి. తీశాక 15 నిమిషాలు నీరు ఒడియనివ్వాలి. ప్లంజర్ (మట్టిలోకి నొక్కే ఉక్కు కడ్డీ) దింపడం, రబ్బరు వల్ల గ్రాఫులో మొదట్లో వంగే గీతను సరిచేయడం 4వ పాఠంలో.