పడవ కొనేముందు వాయుగుండం గురించి ఆలోచించండి

చెన్నైలో ఉంటూ, కారు వెనక ట్రైలర్ మీద లాక్కెళ్లగల చిన్న తెరచాప పడవ కొనుక్కుని నాలుగు రోజులు అందులోనే ఉండొద్దామనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది కేబిన్‌లో నిలబడొచ్చా, ఎంతమంది పడుకోవచ్చు అని. ఇరవై అడుగుల పడవలో నిలబడే ఆశ వదిలేయండి, కూర్చుంటే తల తగలకపోతే చాలు. అసలు అడగాల్సింది వేరే ఉంది. టీవీలో అల్పపీడనం వాయుగుండంగా మారిందని చెప్పగానే ఇద్దరు మనుషులు పూటలోపే పడవను నీళ్లలోంచి తీసి, మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) దించి, రోడ్డెక్కించగలరా? లేకపోతే ట్రైలర్ ఉండీ లేనట్టే.

ఎందుకంటే మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి పడవను ఒడ్డువైపే తోస్తుంది. మోటారు ఆగి, తెరచాపతో గాలికి ఎదురు వెళ్లలేకపోతే నేరుగా అలలు విరిగే చోటికే పోతారు. ఎన్నూరు, పులికాట్ ముఖద్వారాల్లోకి దూరిపోదాం అనుకుంటారు గానీ అక్కడ ఇసుక మేటలు వేసి పూడిక ఉంటుంది, గాలి ఎక్కువున్న రోజున అలలు సరిగ్గా ఆ మేట మీదే విరుగుతాయి. కాబట్టి ఈ మూడు నెలలూ పడవ ఒడ్డున ఉండటమే మేలు, సముద్రంలో తిరగడానికి జనవరి నుంచి మార్చి దాకా బోలెడు మంచి రోజులుంటాయి.

ఇక ఏ పడవ అనే మాట. కేటలినా 22 అనే అమెరికా పడవ లాంటివి మన దగ్గర అరుదే, అయినా కొలతలు అర్థం కావడానికి చెబుతున్నా. కీల్ అంటే పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువైన రెక్క. దాన్ని పైకెత్తి దించగలిగే స్వింగ్ కీల్ ఉన్న కేటలినా దాదాపు వెయ్యి కిలోలు, కీల్ పైకెత్తితే రెండడుగుల నీళ్లు చాలు, దించితే ఐదడుగులు కావాలి. ఆ కీల్‌ని పట్టి ఉంచేది ఒక ఉక్కు తీగ, ఒక పిన్. పాత పడవైతే బేరం మొదలుపెట్టకముందే ఆ రెండూ విప్పించి చూడండి, పైన రంగు ఎంత మెరిసినా సరే. మాక్‌గ్రెగర్ 26ఎక్స్ లాంటివైతే కీల్ బరువుకి బదులు ట్యాంకులో ఆరు వందల కిలోలకు పైగా నీళ్లు నింపుకుంటాయి, ఖాళీ చేస్తే ట్రైలర్ మీద తేలిక. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ట్యాంకు నింపకుండా, మోయలేనంత మందిని ఎక్కించుకుని వెళ్తే బోల్తా పడి పిల్లలు చనిపోయిన ఘటన 2002లో అమెరికాలోని లేక్ చాంప్లెయిన్‌లో జరిగింది. అలాంటి పడవ కొంటే ట్యాంకు నిండిందో లేదో చూడకుండా ఎవరినీ ఎక్కనివ్వద్దు, చుట్టాలు ఎంత తొందరపెట్టినా.

బరువు లెక్క కాగితం మీద చూసి మోసపోకండి. వెయ్యి కిలోల పడవకి ట్రైలర్, మోటారు, లంగరు, నీళ్లు, వంట సామాను కలిస్తే ఒకటిన్నర టన్ను అవుతుంది. మీ కారు మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చని రాశారో చూసుకుని, దానికి బాగా తక్కువలో ఉండే పడవే చూడండి. మొత్తం బరువులో పదో వంతు దాకా కారు కొక్కెం మీద పడాలి, అంతకన్నా బాగా తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. బెంగళూరు నుంచి దిగివచ్చేవాళ్లు రేవుకి చేరగానే చక్రాలు నీళ్లలో ముంచకూడదు. చక్రం మధ్యలో బేరింగులుండే హబ్ వేడిగా ఉండి ఒక్కసారిగా చల్లబడితే ఉప్పునీళ్లు లోపలికి లాక్కుంటుంది, బేరింగులు పోతాయి. అరగంట టీ తాగి రండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో ట్రైలర్ కడగడం ఎవరికీ ఇష్టముండదు, కానీ కడగాల్సిందే.

మాస్ట్ ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలితే పట్టుకున్నవాళ్లు బతకడం కష్టం. మాస్ట్ నిలబెట్టి ఉండగా ట్రైలర్‌ని కదపొద్దు, పది అడుగులే కదా అని కూడా.

లోపల ఉండటమంటే మన ఎండకి ముందు గాలి కావాలి. ముందు ఒక కిటికీ, వెనక తలుపు తెరిచి మధ్యలోంచి గాలి పోయేలా ఉండాలి, దోమతెర తప్పనిసరి. గ్యాస్ స్టవ్వు ఉంటే సిలిండర్ కేబిన్‌లో పెట్టొద్దు, వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున నిలిచిపోతుంది, అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తుంది. తలుపులు మూసుకుని స్టవ్వు వెలిగించినా ప్రమాదమే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఒడ్డుకి తెచ్చాక ఎక్కడ పెడతారన్నది కూడా ముందే తేల్చుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, మునిగింది చెన్నై. వేళచ్చేరి, పళ్లికరణై లాంటి పల్లపు చోట్లలో వద్దు. మెరక మీద పెట్టి, పడవ ముక్కు కాస్త ఎత్తి, వెనక డ్రెయిన్ ప్లగ్ తీసేయండి, వాననీళ్లు వాటంతటవే పోతాయి. తెరచాపలు విప్పి ఇంటికి తెచ్చేయండి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి పడవనీ ట్రైలర్‌నీ కలిపి నేలలో దిగిన బలమైన వాటికి కట్టండి. 2016 డిసెంబరులో వర్దా తుఫాను వచ్చినప్పుడు చెట్లు ఎన్ని కూలాయో గుర్తుంటే చెట్టు కింద పెట్టరు.

రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే వాయుగుండం ఇంకా దూరంగా ఉందని అర్థం, మీకు పని చేసుకునే టైముందనీ అర్థం. మూడో నంబరు దాకా ఆగితే పడవను నీళ్లలోంచి పైకి లాగే ర్యాంపు దగ్గర పడవ నిలవదు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో పులికాట్ వైపు వెళ్లేముందు ఆంక్షలు కనుక్కోండి. వెళ్లిన ప్రతిసారీ ఎక్కడికి, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టండి, ఆ కాగితం మీదే కోస్ట్ గార్డ్ నంబరు 1554 కూడా.