గ్రహాల వాతావరణం – 4వ పాఠం: వేడి బయటపడే ఎత్తు

గత పాఠం చివర ఇచ్చిన రెండు లెక్కలకు వచ్చిన జవాబులు చూశాక, ఈసారి మొదలుపెట్టాలనుకున్న మేఘాల సంగతిని వాయిదా వేస్తున్నాను. గాలి వేడిని అడ్డుకోకపోతే భూమి ఎంత వేడిగా ఉంటుందన్న మొదటి లెక్కలో చాలామందికి 87 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. సూర్యుని నుంచి చదరపు మీటరుకు అందే 1361 వాట్లను నాలుగుతో భాగించకపోవడమే దీనికి కారణం. భూమి సూర్యకాంతిని ఒక వృత్తమంత మేర అడ్డుకుంటుంది, వేడిని మాత్రం గోళమంతటి నుంచీ వెలువరిస్తుంది. గోళం ఉపరితలం ఆ వృత్తానికి నాలుగు రెట్లు. 30 శాతం కాంతి పరావర్తనమై పోగా మిగిలేది 238 వాట్లు, దానికి తగిన ఉష్ణోగ్రత 255 కెల్విన్లు, అంటే మైనస్ 18 డిగ్రీలు. వెలువడే వేడి కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వాట్ల నుంచి ఉష్ణోగ్రతకు రావడానికి నాలుగో మూలం కావాలి; దానికి క్యాలిక్యులేటరులో వర్గమూలం మీటను రెండుసార్లు నొక్కితే చాలు. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

రెండో లెక్కలోని పొరపాటు అంత తేలికైనది కాదు. భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉన్నప్పుడు అంతరిక్షంలోకి ఎన్ని వాట్లు పోతాయని అడిగితే, అంబత్తూరు బృందమంతా ‘వాతావరణం వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి 238 కన్నా తక్కువ’ అని రాసింది. ఆవడి నుంచి వచ్చిన జవాబులూ ఇంచుమించు అవే. అదే నిజమైతే మిగిలిపోయిన శక్తి రోజురోజుకూ పోగుపడి, భూమి ఆగకుండా వేడెక్కుతూనే ఉండాలి. స్థిరంగా ఉన్న గ్రహం ఎంత తీసుకుంటే అంతే తిరిగి ఇస్తుంది. కాబట్టి జవాబు 238 వాట్లే. మారేదల్లా ఆ వాట్లు ఏ ఎత్తు నుంచి బయటపడుతున్నాయన్నది.

ఇక్కడ తొందరపడవద్దు. 15 డిగ్రీల నేల చదరపు మీటరుకు 390 వాట్ల పరారుణ వికిరణాన్ని, అంటే కంటికి కనబడని వేడి కిరణాలను, వెలువరిస్తుంది. గాలిలో అధికభాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ దానిని దాదాపు అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బలంగా పీల్చుకుంటాయని 1859లో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండల్ ప్రయోగాలు మొదలుపెట్టి చూపించాడు. పీల్చుకున్న పొర తానూ వేడిని వెలువరిస్తుంది, కొంత పైకి, కొంత కిందికి. పైకి వెళ్లినది మళ్లీ పై పొరలో చిక్కుతుంది. గాలి తగినంత పలచబడిన ఎత్తుకు చేరాకే అది తప్పించుకోగలదు. భూమికి ఆ ఎత్తు సగటున 5 కిలోమీటర్లు, అక్కడి చలి సరిగ్గా మైనస్ 18 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ గాలి కిలోమీటరుకు దాదాపు 6.5 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 5 కిలోమీటర్లకు 33 డిగ్రీలు, నేల మీద 15. చెన్నై నుంచి బెంగళూరు రైలెక్కినవారికి ఈ తేడా ఒంటికి తెలిసినదే: కాట్పాడి దాటి కుప్పం చేరేసరికి కిటికీలోంచి వచ్చే గాలి ఉక్క విడిచి తేలికపడుతుంది.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ పెరిగిందనుకోండి. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలకు 280గా ఉన్నది ఇప్పుడు 420 దాటింది. వేడి బయటపడే ఎత్తు ఇంకా పైకి, ఇంకా చల్లని గాలిలోకి జరుగుతుంది. చల్లని పొర తక్కువ వెలువరిస్తుంది కాబట్టి, అప్పుడు మాత్రమే, బయటికి పోయేది 238 కన్నా తగ్గుతుంది. మిద్దె మీది తొట్టికి నీళ్లు పొర్లిపోయే గొట్టాన్ని నాలుగు అంగుళాలు పైకి బిగిస్తే, మట్టం అక్కడిదాకా లేచేవరకే పోయే నీళ్లు తగ్గుతాయి. ఆ తర్వాత వచ్చేదీ పోయేదీ మళ్లీ సమానం, మట్టం మాత్రం పెరిగినట్టే ఉంటుంది. నేల నుంచి పైదాకా ఉన్న గాలి అలాగే వేడెక్కి, 238 దగ్గర లెక్క తిరిగి సరిపోతుంది. ‘కింది పొరలు ఇప్పటికే అంతా పీల్చేస్తున్నాయి, ఇంకా కలిపితే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. చూడవలసింది కింది పొరలను కాదు, వేడి తప్పించుకునే పొరను.

శుక్రుణ్ణి నేను అన్నిటికన్నా మంచి ఉదాహరణగా భావిస్తాను. దట్టమైన మేఘాలు సూర్యకాంతిలో నాలుగింట మూడు వంతులను వెనక్కి పంపడం వల్ల, ఆ గ్రహం చదరపు మీటరుకు పీల్చుకునేది సుమారు 156 వాట్లే, అంటే భూమి కన్నా తక్కువ. అయినా నేల మీద 465 డిగ్రీల వేడి. భూమి మీది గాలికి 92 రెట్ల పీడనంతో ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో వేడి తప్పించుకునే ఎత్తు నేలకు ఎన్నో పదుల కిలోమీటర్ల పైన ఉంటుంది. అంగారకుడి గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే, కానీ అది మరీ పలచన కాబట్టి ప్రభావం కొద్ది డిగ్రీలు మాత్రమే.

అభ్యాసం: సూర్యకాంతిని పూర్తిగా వదిలి, పరారుణాన్ని పూర్తిగా పీల్చే ఒక్క పొర భూమికి ఉందనుకుంటే, నేల ఉష్ణోగ్రత 255ను 2 యొక్క నాలుగో మూలంతో గుణించినంత అవుతుందని మీరే నిరూపించండి. దాదాపు 30 డిగ్రీలు వస్తుంది, ఉండవలసిన దానికన్నా ఎక్కువ. పొర ఎంత శాతం పీల్చుకుంటే సరిగ్గా 15 వస్తుందో కనుక్కోండి. 77, 78 ప్రాంతంలో రాకపోతే పొర కిందికి పంపే సగాన్ని మరిచిపోయారన్నమాట. తర్వాత శుక్రుడు పీల్చుకునే 156 వాట్లతో మొదలుపెట్టి, పూర్తిగా పీల్చే పొరలను ఒకదానిపై ఒకటి పేర్చుతూ, ఆ గ్రహం నేల మీది 738 కెల్విన్లకు ఎన్ని పొరలు కావాలో లెక్కగట్టండి. సమాధానం వందకు పైనే వస్తుంది. ప్రతి పొరకూ వచ్చేది, పోయేది విడివిడిగా రాసిన కాగితాలనే పంపండి, చివరి సంఖ్య ఒక్కటే రాసినవి దిద్దను.